‘అవాంఛిత గర్భం’ – వాంఛ ఎవరిది?: హెచ్.ఐ.వి.తో జీవిస్తున్న స్త్రీల గర్భధారణపై వ్యవహార, వైద్య, న్యాయ పాఠాల విమర్శ

వ్యాససంగ్రహం:

హెచ్.ఐ.వి.తో జీవిస్తున్న స్త్రీల గురించి మాట్లాడేటప్పుడు ‘అవాంఛిత గర్భం’ అనే పదబంధం ఆరోగ్య కార్యక్రమాలలోను, పత్రికలలోను, న్యాయచర్చలోను విరివిగా వినిపిస్తుంది. ఈ పదం గర్భాన్ని వద్దనుకున్నది ఎవరో చెప్పదు. స్త్రీ తాను వద్దనుకున్న గర్భానికి, ఆమె కోరుకున్నా ఇతరులు వద్దన్న గర్భానికి ఇదే పేరు వర్తిస్తున్నది. ఈ వ్యాసం ఆ పద నిర్మాణాన్ని, గర్భధారణకు సంబంధించిన తెలుగు నుడికారాన్ని, తల్లి నుండి బిడ్డకు సంక్రమణను నివారించే కార్యక్రమాల పరిభాషను, భారతదేశం, నమీబియాల సర్వోన్నత న్యాయస్థానాల తీర్పులను పరిశీలిస్తుంది. గర్భాన్ని కోరిన, కోరని కర్తను వాక్యంలో నిలపడం భాషాసంస్కారంతో పాటు హక్కుల రక్షణకూ అవసరమని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: అవాంఛిత గర్భం, హెచ్.ఐ.వి., మాతృత్వం, సమ్మతి, నుడికారం, కర్తృలోపం, స్త్రీవాద విమర్శ.

1. ఉపోద్ఘాతం:

ఒక పదం ఎవరి పక్షాన నిలుస్తున్నది, ఎవరిని వాక్యం వెలుపల ఉంచుతున్నది అని అడగడం విమర్శకు మొదటి పని. ఈ ప్రశ్నను కావ్యాలకు, కథలకు వేసినట్లే కరపత్రాలకు, వైద్య మార్గదర్శకాలకు, తీర్పులకు కూడా వేయవచ్చు. అవి కూడా పాఠాలే. పైగా వాటిలోని ఒక విశేషణం తప్పితే దాని ఫలితాన్ని అనుభవించేది పాఠకుడు కాదు, ఆసుపత్రి బల్లపై పడుకొన్న మనిషి.

తెలుగు నేలకు ఈ విషయంతో దగ్గరి సంబంధం ఉంది. 2021 జాతీయ అంచనాల ప్రకారం దేశంలోని వయోజనుల్లో హెచ్.ఐ.వి. వ్యాప్తి 0.21 శాతం కాగా ఆంధ్రప్రదేశ్‌లో అది 0.67 శాతం. తెలంగాణలో కూడా జాతీయ సగటు కన్నా ఎక్కువే. 2004 ఏప్రిల్‌లో ఉచిత ఏ.ఆర్.టి. చికిత్స మొదలైనప్పుడు తొలుత ఎంపికైన అధిక వ్యాప్తి గల ఆరు రాష్ట్రాలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. మందులు అందుబాటులోకి వచ్చాక ఈ స్త్రీల జీవితంలోని ప్రశ్నలు మారాయి. ఎన్నాళ్ళు బ్రతుకుతుంది అనే ప్రశ్న వెనక్కి వెళ్ళింది. పెళ్ళి, కాపురం, పిల్లలు అనే సాధారణ ప్రశ్నలు ముందుకు వచ్చాయి. వీటిని గురించి మాట్లాడడానికి మనకున్న మాటలు మాత్రం పాతవే.

ఆ మాటల్లో ‘అవాంఛిత గర్భం’ ప్రధానమైనది. ఇది కేవలం వైద్య పరిభాష అని, దాని లోతుల్లోకి వెళ్ళనవసరం లేదని అనిపించవచ్చు. కానీ ఈ పదం ఏ సందర్భంలో ఏ అర్థాన్నిస్తున్నదో గమనిస్తే, ఒక స్త్రీ అడిగిన గర్భవిచ్ఛిత్తిని నిరాకరించడానికి, మరొక స్త్రీ అడగని శస్త్రచికిత్సను చేయడానికి వెనుకనున్న ఆలోచన ఒక్కటేనని తెలుస్తుంది. ఆ ఆలోచనను బయటకు తీయడమే ఈ వ్యాసోద్దేశం.

2. పద నిర్మాణం – కర్త లేని విశేషణం:

‘వాంఛిత’ అనేది సంస్కృతంలో కర్మార్థంలో వచ్చిన ‘క్త’ ప్రత్యయాంత రూపం. ‘కోరబడినది’ అని అర్థం. నఞ్ సమాసంతో ‘అవాంఛిత’మైంది. కర్మార్థక రూపం కాబట్టి కోరినవారిని ప్రత్యేకంగా చెబితే తప్ప వారు వాక్యంలోకి రారు. ‘అవాంఛిత గర్భం’ అన్నప్పుడు కోరబడనిది గర్భమని తెలుస్తుంది. కోరనిది ఎవరో తెలియదు. వినేవారు ఆ ఖాళీని తమ ఊహతో నింపుకొంటారు. ఆరోగ్యవంతురాలైన వివాహిత విషయంలో ఆ ఖాళీలోకి ‘దంపతులు’ వచ్చి కూర్చుంటారు. పెళ్ళికాని యువతి విషయంలో ‘కుటుంబం’ వస్తుంది. హెచ్.ఐ.వి. ఉన్న స్త్రీ విషయంలో ‘సమాజం’, ‘ఆసుపత్రి’, ‘పుట్టబోయే బిడ్డ మేలు’ వంటివన్నీ వస్తాయి. ఆమె మాత్రం అన్నిటికన్నా చివర వస్తుంది, లేదా రాదు.

రెండవ చిక్కు అర్థవిస్తృతికి సంబంధించినది. జనాభా అధ్యయనాలలో అనుకోకుండా వచ్చిన గర్భాన్ని రెండు విధాలుగా విడదీస్తారు. బిడ్డ కావాలి కాని ఇప్పుడే వద్దు అనుకున్నప్పుడు వచ్చిన గర్భం ఒకటి. ఇక బిడ్డలే వద్దనుకున్నాక వచ్చిన గర్భం మరొకటి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆ గర్భం అప్పుడే కావాలనుకున్నదా, తర్వాత కావాలనుకున్నదా, అసలే వద్దనుకున్నదా అని స్త్రీని అడుగుతారు. అంటే అక్కడ మూడు జవాబులకు చోటుంది. తెలుగులో ‘అనుకోని గర్భం’, ‘అవాంఛిత గర్భం’ అని రెండు మాటలున్నా వాడుకలో రెండవదే మొదటిదాన్ని మింగివేసింది. కాలానికి సంబంధించిన ఇబ్బంది, కోరికకు సంబంధించిన తిరస్కారం ఒకే మాట కిందికి వచ్చాయి. రెండేళ్ళు ఆగి బిడ్డను కనాలనుకున్న స్త్రీ, ఎప్పటికీ వద్దనుకున్న స్త్రీ ఒకే గాటన కట్టబడ్డారు.

మూడవ చిక్కు హెచ్.ఐ.వి. సందర్భానికే ప్రత్యేకమైనది. ఎందరో స్త్రీలకు తమకు హెచ్.ఐ.వి. ఉన్నదని మొదటిసారి తెలిసేది గర్భిణులకు చేసే రక్తపరీక్షలోనే. గర్భం నిలిచిన రోజున అది కోరుకున్న గర్భమే. ఇంట్లో అందరూ సంతోషించారు. కొన్ని వారాల తర్వాత ఐ.సి.టి.సి. కేంద్రంలో ఒక కాగితం చేతికి వచ్చింది. గర్భం అదే, స్త్రీ అదే, ఆమె కోరిక కూడా అదే కావచ్చు. చుట్టూ ఉన్నవారి దృష్టిలో మాత్రం అది ఒక్క పూటలో అవాంఛితమైంది. గర్భం నిలిచిన నాటి మనసును కొలిచే నిర్వచనాలకు ఈ మార్పు అందదు. ఆమె నిజంగా మనసు మార్చుకొన్నదా, లేక మార్చుకోమని ఒత్తిడి చేశారా అనే తేడాను కర్త లేని విశేషణం చూపలేదు.

3. తెలుగు నుడికారంలో కడుపు:

గర్భధారణను చెప్పే తెలుగు పలుకుబడులను గమనిస్తే ఈ కర్తృలోపం సంస్కృత పదంతో మొదలైనది కాదని అర్థమవుతుంది. ‘నెల తప్పింది’, ‘నీళ్ళోసుకుంది’, ‘కడుపుతో ఉంది’, ‘కడుపు పండింది’ – ఇవి గౌరవప్రదమైన మాటలు. వీటిలో గర్భం ఒక ఫలం, ఒక స్థితి, ఒక శుభం. స్త్రీ కోరిందా లేదా అనే ప్రశ్నకు ఇక్కడ తావు లేదు. పంట పండడానికి నేల అనుమతి ఎవరూ అడగరు కదా! వివాహిత కాబట్టి కోరుకొనే ఉంటుందని భాషే నిర్ణయించివేసింది.

మరొక వరుస ఉంది. ‘కడుపు వచ్చింది’, ‘కడుపు చేశాడు’, ‘కడుపు తెచ్చుకుంది’. ఇవి పెళ్ళికాని పిల్లకు, వితంతువుకు వాడే మాటలు. ఇక్కడ హఠాత్తుగా కర్త ప్రత్యక్షమవుతాడు. ‘చేశాడు’ అన్నప్పుడు పురుషుడు, ‘తెచ్చుకుంది’ అన్నప్పుడు స్త్రీ. ‘కొను’ చేరిన ‘తెచ్చుకుంది’ అనే క్రియ నిందను మోస్తుంది. ‘జబ్బు తెచ్చుకుంది’, ‘తంటా తెచ్చుకుంది’ అనే మాటల పక్కన దీనిని పెట్టి చూస్తే ఆ సంగతి స్పష్టమవుతుంది. అంటే శుభమైతే కర్త ఉండదు, తప్పైతే కర్త ఉంటుంది. స్త్రీని కర్తగా చూడడానికి తెలుగు నుడికారం ఆమె తప్పు చేసే దాకా ఆగింది.

హెచ్.ఐ.వి.తో జీవిస్తున్న స్త్రీ ఈ రెండు వరుసల మధ్య నలుగుతుంది. ఆమె వివాహిత కావచ్చు, భర్తతో కాపురం చేస్తూ ఉండవచ్చు. దేశంలో వివాహిత స్త్రీలలో అధికభాగానికి ఈ వైరస్ సోకినది భర్త ద్వారానే. అయినప్పటికీ పరీక్ష ఫలితం తెలిసిన క్షణంలో ఆమె ‘కడుపు పండిన’ స్త్రీల వరుస నుండి ‘కడుపు తెచ్చుకున్న’ స్త్రీల వరుసలోకి జారిపోతుంది. ‘ఈ జబ్బు పెట్టుకొని మళ్ళీ కడుపు తెచ్చుకుందా!’ అనే ధోరణికి అక్కడే బీజం ఉంది. వైధవ్యం వల్లనో పెళ్ళి కాకపోవడం వల్లనో వచ్చిన నింద ఇక్కడ రక్తపరీక్ష వల్ల వస్తున్నది. వీరేశలింగం యుగపు సంస్కర్తలు వితంతువుల రహస్య గర్భాలను, భ్రూణహత్యలను చూపి పునర్వివాహాన్ని సమర్థించారు. 1881 డిసెంబరులో రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిగింది. సంస్కరణ ఆ స్త్రీలను మొదటి వరుసలోకి తేవడానికి ప్రయత్నించింది. రెండు వరుసలు ఎందుకున్నాయని మాత్రం అడగలేదు. ఆ అడగని ప్రశ్నే నేడు మరొక రూపంలో ఎదురవుతున్నది.

పత్రికా భాషలోని ‘అభం శుభం తెలియని పసికందు’ అనే ప్రయోగాన్ని కూడా ఇక్కడే చెప్పుకోవాలి. హెచ్.ఐ.వి.తో పుట్టిన బిడ్డ గురించి రాసేటప్పుడు ఈ మాట అలవాటుగా దొర్లుతుంది. బిడ్డపై జాలి సహజమే. కానీ బిడ్డ నిర్దోషి అని నొక్కి చెప్పినప్పుడల్లా పక్కనే ఉన్న తల్లి దోషిగా మారుతున్నది. ఆ తల్లికి కూడా అభం శుభం తెలియకుండానే ఈ వైరస్ సోకి ఉండవచ్చునన్న ఆలోచన ఆ వాక్యానికి రాదు.

4. వైద్య కార్యక్రమాల పాఠం:

తల్లి నుండి బిడ్డకు హెచ్.ఐ.వి. సోకకుండా చూడడానికి ఐక్యరాజ్యసమితి సంస్థలు నాలుగు అంచెల విధానాన్ని రూపొందించాయి. స్త్రీలకు వైరస్ సోకకుండా చూడడం మొదటిది. హెచ్.ఐ.వి.తో జీవిస్తున్న స్త్రీలలో అనుకోని గర్భాలను నివారించడం రెండవది. తల్లి నుండి బిడ్డకు సంక్రమణను ఆపడం మూడవది. తల్లికి, బిడ్డకు, కుటుంబానికి చికిత్స, తోడ్పాటు అందించడం నాలుగవది. రెండవ అంచె ఉండడం అవసరమే. గర్భనిరోధక సాధనాలు కావాలనుకొని పొందలేకపోతున్న స్త్రీకి అది మేలు చేస్తుంది. విమర్శ పట్టించుకోవలసినది దాని స్థానాన్ని. స్త్రీకి తన గర్భంపై నిర్ణయాధికారం ఉండాలి కాబట్టి అనుకోని గర్భాన్ని నివారించాలని ఈ చట్రం చెప్పడం లేదు. బిడ్డకు వైరస్ సోకకుండా ఉండే మార్గాలలో ఒకటిగా దానిని లెక్కిస్తున్నది. అక్కడ గర్భం ఆమె జీవితంలోని ఒక సంఘటనగా కాక, సంక్రమణ మార్గంలోని ఒక మజిలీగా కనిపిస్తుంది.

పేర్లలోనూ ఈ దృష్టి తెలుస్తుంది. భారతదేశంలో ఈ కార్యక్రమానికి ఆంగ్లంలో చాలాకాలం ‘తల్లిదండ్రుల నుండి బిడ్డకు’ అనే అర్థం వచ్చే పేరే ఉండేది. తండ్రి బాధ్యతను గుర్తించే ఎంపిక అది. తెలుగు వాడుకలోకి వచ్చేసరికి అది ‘తల్లి నుండి బిడ్డకు’ అయింది. ఒక్క సమాసంలో తండ్రి తప్పించుకొన్నాడు.

సంక్రమణ భయానికి ఆధారమైన అంకెలు కూడా మారాయి. ఏ చర్యా తీసుకోకపోతే తల్లి నుండి బిడ్డకు వైరస్ సోకే అవకాశం 15 నుండి 45 శాతం. తగిన చికిత్సతో అది 5 శాతం కన్నా తక్కువకు దిగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. 2014 నుండి మన దేశంలో హెచ్.ఐ.వి. ఉన్న ప్రతి గర్భిణికీ జీవితాంతం మూడు మందుల చికిత్స ఇచ్చే విధానం అమలులోకి వచ్చింది. అంటే ‘బిడ్డకూ వస్తుంది’ అనే పాత హెచ్చరికకు శాస్త్రబలం చాలావరకు తగ్గింది. అయినా ఆ హెచ్చరిక గర్భాన్ని అవాంఛితం చేయడానికి నేటికీ పనికివస్తున్నది. శాస్త్రం ముందుకు నడిచింది, విశేషణం అక్కడే ఆగింది.

ఇక అనుకోని గర్భాలు ఎందుకు వస్తున్నాయి అనే ప్రశ్న. హెచ్.ఐ.వి.తో జీవిస్తున్న స్త్రీకి సాధారణంగా చెప్పే సలహా నిరోధ్ వాడమని. అది సంక్రమణను, గర్భాన్ని రెండింటినీ ఆపుతుంది. కానీ అది వేసుకోవలసినది పురుషుడు. తన స్థితిని భర్తకు చెప్పుకోలేని స్త్రీ, చెప్పినా మాట చెల్లని స్త్రీ ఆ సలహాను ఆచరణలో పెట్టలేదు. కొన్ని మందులు ఒకదానితో ఒకటి పొసగవు. ఏ.ఆర్.టి.లో చాలాకాలం ప్రధానంగా ఉన్న ఎఫావిరెంజ్, చర్మం కింద అమర్చే హార్మోన్ ఇంప్లాంట్ ప్రభావాన్ని తగ్గిస్తుంది. క్షయకు వాడే రిఫాంపిసిన్ గర్భనిరోధక మాత్రల శక్తిని తగ్గిస్తుంది. ఏ.ఆర్.టి. కేంద్రం ఒకచోట, కుటుంబ నియంత్రణ సేవలు మరొకచోట ఉంటే ఈ సంగతి ఆమెకు చెప్పేవారు ఉండరు. ఇలాంటి కారణాలన్నిటినీ ‘అవాంఛిత గర్భం’ అనే మాట కప్పివేస్తుంది. లోపం వ్యవస్థది, పేరు ఆమె గర్భానిది.

దీనికి భిన్నమైన మరొక ఉదంతం 2018లో జరిగింది. డోలుటెగ్రావిర్ అనే మెరుగైన మందును గర్భం నిలిచే సమయంలో వాడిన తల్లుల బిడ్డల్లో వెన్నెముక సంబంధ లోపాలు కొంత ఎక్కువగా ఉండవచ్చునని బోట్స్వానా అధ్యయనం నుండి ఒక సూచన వచ్చింది. దాంతో పలు దేశాలు గర్భం దాల్చే వయసులో ఉన్న స్త్రీలకు ఆ మందు ఇవ్వడానికి వెనుకాడాయి. బిడ్డను కనాలన్న ఆలోచనే లేని స్త్రీ కూడా, ఎప్పుడైనా అనుకోకుండా గర్భం రావచ్చునన్న ఊహతో మంచి మందుకు దూరమైంది. ఆ ఏడాది జూలైలో కిగాలీలో సమావేశమైన ఆఫ్రికా దేశాల హెచ్.ఐ.వి. స్త్రీలు ఆ లాభనష్టాలను తూచుకొనే హక్కు తమకే ఉండాలని ప్రకటించారు. మరింత సమాచారం వచ్చాక ఆ ప్రమాదం మొదట భయపడినంత లేదని తేలింది. 2019 జూలైలో ప్రపంచ ఆరోగ్య సంస్థ గర్భం దాల్చగల స్త్రీలతో సహా అందరికీ ఆ మందును సిఫారసు చేసింది. రాని గర్భాన్ని కూడా ‘అవాంఛితం’గా ముందే లెక్కగట్టి స్త్రీ ఆరోగ్యాన్ని పక్కన పెట్టిన సందర్భమిది.

5. న్యాయ పాఠాలు – రెండు దిక్కుల నుండి ఒకే నిరాకరణ:

స్త్రీ కోరికను వాక్యం నుండి తీసివేస్తే ఏమవుతుందో రెండు తీర్పులు స్పష్టంగా చూపుతాయి. వీటిలో ఒకటి మన దేశానిది, మరొకటి నమీబియాది. ఒకదానిలో స్త్రీ గర్భం వద్దన్నది, ఆమె మాట చెల్లలేదు. మరొకదానిలో పిల్లలు కనే శక్తిని తీసివేయమని స్త్రీలు అడగలేదు, అయినా తీసివేశారు. అందుకే రెండింటినీ కలిపి చదవాలి.

మొదటిది 2017 ఆగస్టు 17న భారత సర్వోన్నత న్యాయస్థానం ‘జెడ్ వర్సెస్ స్టేట్ ఆఫ్ బిహార్’ వ్యాజ్యంలో ఇచ్చిన తీర్పు. పట్నా వీధుల్లో నిరాశ్రయంగా ఉన్న ఒక స్త్రీని ఆశ్రయగృహానికి చేర్చారు. ఆమె గర్భవతి అని తేలింది. అత్యాచారం జరిగిందని, గర్భం తనకు వద్దని ఆమె చెప్పింది. పరీక్షలో హెచ్.ఐ.వి. ఉన్నట్లు కూడా బయటపడింది. అప్పటికి చట్టం అనుమతించే 20 వారాల గడువు దాటలేదు. ఆమె వయోజనురాలు, తన సమ్మతి తానే ఇవ్వగలదు. అయినా ప్రభుత్వ ఆసుపత్రిలో తండ్రి సమ్మతి, భర్త సమ్మతి అంటూ కాలం గడిచిపోయింది. పట్నా హైకోర్టు గర్భవిచ్ఛిత్తికి అనుమతి ఇవ్వలేదు. విషయం సర్వోన్నత న్యాయస్థానానికి చేరేసరికి ఆ దశలో గర్భవిచ్ఛిత్తి ప్రమాదకరమని వైద్యమండలి చెప్పింది. ఆమె ఆ బిడ్డను కనక తప్పలేదు. ఆమె సమ్మతి ఒక్కటే సరిపోయేదని, జాప్యం ఆమె హక్కులకు భంగమని చెబుతూ న్యాయస్థానం 10 లక్షల రూపాయల పరిహారాన్ని ఆదేశించింది.

ఈ ఉదంతంలో గర్భం అవాంఛితమని అందరూ అంగీకరించారు. ఎవరూ దానిని కోరుకోలేదు. అయినా ‘నాకు వద్దు’ అన్న ఆమె వాక్యం ఒక్కటి చాలలేదు. తండ్రి సంతకం, భర్త సంతకం కావలసి వచ్చాయి. అత్యాచారం వల్ల వచ్చిన గర్భానికి, ఆమెను వదిలి దూరంగా ఉంటున్న భర్త సమ్మతి ఎందుకు? ‘అవాంఛిత’ అనే పదంలోని ఖాళీ కర్తృస్థానంలో పురుషుడిని కూర్చోబెట్టే అలవాటే అందుకు కారణం. 1971 నాటి గర్భవిచ్ఛిత్తి చట్టం కూడా సాధనం విఫలమైనప్పుడు వచ్చే అవాంఛిత గర్భాన్ని ‘వివాహిత, ఆమె భర్త’ అనే చట్రంలోనే చూసింది. ‘స్త్రీ, ఆమె భాగస్వామి’ అనే మాట రావడానికి 2021 సవరణ దాకా ఆగవలసి వచ్చింది.

రెండవది 2014 నవంబరు 3న నమీబియా సర్వోన్నత న్యాయస్థానం ఇచ్చిన తీర్పు. హెచ్.ఐ.వి.తో జీవిస్తున్న ముగ్గురు స్త్రీలకు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ప్రసవ సమయంలో సంతానం కలగకుండా శస్త్రచికిత్స చేశారు. సమ్మతి పత్రాలపై వారి సంతకాలున్నాయి. ఆ సంతకాలు నొప్పులు పడుతున్న వేళ తీసుకొన్నవి. పత్రంపై ఆ శస్త్రచికిత్స పేరు ‘బి.టి.ఎల్.’ అనే మూడక్షరాల సంక్షిప్త రూపంలో ఉంది. ఆ అక్షరాల అర్థం వారికి వివరించలేదు. అలా తీసుకొన్న సంతకం తెలిసి ఇచ్చిన సమ్మతి కాదని న్యాయస్థానం తేల్చింది.

ఆ మూడక్షరాలను తెలుగు పాఠకులు దూరదేశపు సంగతిగా చూడనవసరం లేదు. మన పత్రికల్లో ‘కు.ని. శస్త్రచికిత్సలు’ అనే సంక్షిప్త రూపం దశాబ్దాలుగా ఉంది. జనవ్యవహారంలో అదికూడా పోయి ‘ఆపరేషన్’ ఒక్కటే మిగిలింది. ‘ఆమెకు ఆపరేషన్ అయిపోయింది’ అంటే ఏ ఆపరేషనో తెలుగువారికి విడమరిచి చెప్పనవసరం లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ప్రస్తుతం వివాహితలుగా ఉన్న స్త్రీలలో దాదాపు 70 శాతం ఈ శస్త్రచికిత్స చేయించుకొన్నవారే. ఇంత సర్వసాధారణమైన చోట, హెచ్.ఐ.వి. ఉన్న స్త్రీతో ‘కాన్పుతోపాటే ఆపరేషన్ కూడా చేసేస్తాం’ అంటే అది ఒక ఎంపికగా వినిపించదు, ఆసుపత్రి పద్ధతిగా వినిపిస్తుంది. తల ఊపడం సమ్మతి అయిపోతుంది.

2018 సెప్టెంబరులో అమలులోకి వచ్చిన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం ఈ ప్రమాదాన్ని గుర్తించింది. హెచ్.ఐ.వి. ఉన్న గర్భిణికి ఆమె తెలిసి ఇచ్చిన సమ్మతి లేకుండా సంతాననిరోధక శస్త్రచికిత్స గాని, గర్భస్రావం గాని చేయరాదని నిర్దేశించింది. అంతకు చాలా ముందు, 1998లో, హెచ్.ఐ.వి. ఉన్న వ్యక్తి వివాహహక్కుపై పరిమితి విధించేలా వ్యాఖ్యానించిన సర్వోన్నత న్యాయస్థానం 2002లో ఆ వ్యాఖ్యలు అవసరం లేనివని పేర్కొన్నది. పెళ్ళి చేసుకోవచ్చునా అనే ప్రశ్న నుండి ఆమె సమ్మతి ఎలా తీసుకోవాలి అనే ప్రశ్న దాకా చట్టం నడిచిన దూరం చిన్నది కాదు. అయితే చట్టంలోని ‘సమ్మతి’ అనే పదానికి అర్థం వచ్చేది ఆసుపత్రిలో ఆమెతో మాట్లాడే తెలుగులోనే.

6. తెలుగు స్త్రీవాద విమర్శకు కొత్త ప్రశ్న:

గర్భాన్ని, ప్రసవాన్ని స్త్రీ గొంతుతో చెప్పడం తెలుగులో స్త్రీవాద కవిత్వం సాధించిన పెద్ద మార్పు. కొండేపూడి నిర్మల ‘లేబర్ రూమ్’, పాటిబండ్ల రజని ‘అబార్షన్ స్టేట్‌మెంట్’ శీర్షికల్లోనే ఆసుపత్రి భాషను కవిత్వంలోకి తెచ్చారు. 1993లో వచ్చిన ‘నీలిమేఘాలు’ సంకలనం, ఓల్గా ‘రాజకీయ కథలు’ శరీరాన్ని రాజకీయ విషయంగా చర్చకు పెట్టాయి. ‘కడుపు పండింది’ అనే వాక్యంలో మాయమైన కర్తను తిరిగి నిలబెట్టిన ఘనత ఈ సాహిత్యానిది.

ఆ ఉద్యమం ప్రధానంగా ఎదిరించినది నిర్బంధ మాతృత్వాన్ని. తల్లి కావడమే స్త్రీ జీవితానికి పరమార్థం అనే భావనను. హెచ్.ఐ.వి.తో జీవిస్తున్న స్త్రీ ముందున్న పరిస్థితి మరింత చిక్కైనది. వంశం నిలవాలి కాబట్టి ఒక్క బిడ్డనైనా కనమని అత్తవారింటివారు అంటారు. ఇంకొకరికి జబ్బు అంటించడమెందుకు, వద్దని ఆసుపత్రిలో అంటారు. నిర్బంధ మాతృత్వం, నిర్బంధ అమాతృత్వం ఒకే శరీరంపై ఒకేసారి పనిచేస్తాయి. ‘గర్భం నిరాకరించే హక్కు’ అనే సూత్రం ఒక్కటే ఇక్కడ చాలదు. కనే హక్కు, కనకుండా ఉండే హక్కు రెండూ ఒకే హక్కుకు రెండు ముఖాలని చెప్పే విమర్శ కావాలి. 2009లో సుచితా శ్రీవాస్తవ వ్యాజ్యంలో సర్వోన్నత న్యాయస్థానం చెప్పినది కూడా ఇదే. బిడ్డను కనాలా వద్దా అని నిర్ణయించుకొనే స్వేచ్ఛ రాజ్యాంగంలోని 21వ అధికరణం కాపాడే వ్యక్తిస్వేచ్ఛలో భాగమని ఆ తీర్పు పేర్కొన్నది.

ఈ వాదానికి ఒక అభ్యంతరం రావచ్చు. బిడ్డ మేలు చూడవద్దా అని. చూడాలి. తల్లి చికిత్స తీసుకొంటే బిడ్డకు సోకే ప్రమాదం బాగా తగ్గుతుందన్నది నిరూపితమైన విషయం. ఆ చికిత్స కోసం ఆమె ఆసుపత్రికి రావాలి, మొదటి నెలల్లోనే రావాలి. గర్భం సంగతి చెబితే తిడతారు, తీయించుకోమంటారు అనే భయమున్న స్త్రీ త్వరగా రాదు. కాబట్టి ఆమె కోరికను గౌరవించడం, బిడ్డ మేలు కోరడం పరస్పర విరుద్ధాలు కావు. మొదటిది లేకుండా రెండవది సాధ్యం కాదు.

7. ముగింపు – కర్తను నిలిపే వాక్యం:

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

• ‘అవాంఛిత గర్భం’ అనే పదబంధం వద్దన్నవారిని చెప్పదు. హెచ్.ఐ.వి. సందర్భంలో ఆ ఖాళీని కుటుంబం, ఆసుపత్రి, కార్యక్రమ లక్ష్యాలు నింపుతున్నాయి.

• ‘కడుపు పండింది’, ‘కడుపు తెచ్చుకుంది’ అనే రెండు వరుసల నుడికారం ఆమెను రక్తపరీక్ష ఆధారంగా గౌరవం నుండి నిందలోకి మారుస్తున్నది.

• సంక్రమణ నివారణ చట్రంలో అనుకోని గర్భం స్త్రీ సమస్యగా కన్నా బిడ్డకు ముప్పుగానే ఎక్కువగా గుర్తింపు పొందింది. దానికి కారణమైన సేవాలోపాలు మరుగున పడ్డాయి.

• కోరిన గర్భవిచ్ఛిత్తిని అందకుండా చేయడం, కోరని శస్త్రచికిత్స చేయడం రెండూ ఆమె వాక్యాన్ని లెక్కచేయకపోవడం వల్ల జరిగినవే.

దీనికి పరిష్కారం కోసం కొత్త సంస్కృత సమాసాన్ని తయారుచేయనవసరం లేదు. తెలుగు వ్యాకరణంలోనే అందుకు వీలుంది. క్రియాజన్య విశేషణానికి ముందు కర్తను నిలపడం మన భాషకు సహజం. ‘ఆమె వద్దనుకొన్న గర్భం’, ‘ఆమె ఇప్పుడే వద్దనుకొన్న గర్భం’, ‘ఆమె కోరుకొన్న, ఇంట్లోవారు వద్దన్న గర్భం’. ఈ మూడూ మూడు వేర్వేరు జీవితాలు. ఒకరికి గర్భవిచ్ఛిత్తి సేవ కావాలి. ఒకరికి సమాచారం, కొంత వ్యవధి, తనకు సరిపడే గర్భనిరోధక సాధనం కావాలి. ఒకరికి ఆమె పక్షాన నిలిచి ఇంట్లోవారితో మాట్లాడే కౌన్సెలర్ కావాలి. ముగ్గురి దస్త్రాల మీద ఒకే పదం రాస్తే ముగ్గురికీ ఒకే సలహా అందుతుంది.

ఆరోగ్యరంగంలో తెలుగు పరిభాషను తయారుచేసే పనిలో, అనువదించే పనిలో, విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలలో శిక్షణ పొందినవారు ఎందరో ఉన్నారు. ఒక ఆంగ్లపదానికి సరైన సమానార్థకం దొరికిందా అని చూడడంతో వారి బాధ్యత తీరదు. ఆ పదం ఏఎన్ఎం నోట, కౌన్సెలర్ రిజిస్టరులో, సమ్మతి పత్రంలో ఎవరిని కర్తగా నిలుపుతున్నదో కూడా చూడాలి. సమ్మతి పత్రం చివర సంతకం చేయవలసినది ఆమె. కాబట్టి ఆ పత్రంలోని మొదటి వాక్యం కూడా ఆమెతోనే మొదలు కావాలి.